బైనరీ సీరియలైజేషన్ లైబ్రరీ తరువాతి వెర్షన్‌లో ఏ మార్పు ముందు చేయాలి?

టైమ్‌స్టాంప్ (తేదీ, సమయం) రకం, డేటా వస్తుండగానే బైట్లను చదివే స్ట్రీమింగ్ డీకోడర్, డేటా నిర్ణీత ఆకృతిలో ఉందో లేదో చూసే స్కీమా తనిఖీ, ఇంకాస్త వేగం అనే నాలుగు కోరికలు, డేటాను బైట్లుగా మార్చి తిరిగి చదివే మీ ఓపెన్ సోర్స్ లైబ్రరీ ముందున్నాయనీ, వాటిలో దేనిని ముందు చేపట్టాలో తేలడం లేదనీ రాశారు. పరికరాల నుంచి డేటా సేకరించే వ్యవస్థలలో మెసేజ్‌ప్యాక్, ప్రోటోకాల్ బఫర్స్ అనే ఇలాంటి ఫార్మాట్లను కొన్నేళ్లుగా వాడుతున్నవాడిగా నా సలహా ఇది. ఎంతమంది అడిగారన్నదాన్ని బట్టి కాకుండా, బయటికి వెళ్లే బైట్లను మార్చేవేవి, మార్చనివేవి అని ముందు విడదీయండి. స్ట్రీమింగ్, వేగం రెండవ జాబితాలోకి వస్తాయి. వాటిలో పొరపాటు దొర్లితే తరువాతి రిలీజ్‌లో సరిదిద్దుకోవచ్చు. టైమ్‌స్టాంప్ అలా కాదు. ఒకసారి విడుదలైన రూపం ఎవరి డేటాబేస్‌లోనో, ఏ పరికరపు ఫర్మ్‌వేర్‌లోనో స్థిరపడిపోతుంది, దానిని వెనక్కి తీసుకునే దారి మీ చేతిలో ఉండదు.

మెసేజ్‌ప్యాక్ చరిత్రే దీనికి మంచి ఉదాహరణ. 2013కు ముందు అందులో పాఠ్యానికీ, ముడి బైట్లకూ కలిపి ఒకే రకం ఉండేది. ఆ ఏడాది స్పెసిఫికేషన్‌ను సవరించినప్పుడు పాత సంకేతాలను స్ట్రింగ్‌కు, అంటే పాఠ్యానికి, కేటాయించి, ముడి బైట్ల కోసం కొత్త సంకేతాలను చేర్చారు. దాని ఫలితంగా పాత ఎన్‌కోడర్ (డేటాను బైట్లుగా మార్చే భాగం) పంపిన ముడి బైట్లు కొత్త డీకోడర్‌కు స్ట్రింగ్‌లాగే కనిపిస్తాయి. పైథాన్ లైబ్రరీ 2020లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి కొత్త పద్ధతిని డిఫాల్ట్ చేసింది. మేము ఆ వెర్షన్‌కు మారగానే, మా పాత పరికరాలు పంపే ముడి డేటా యూటీఎఫ్-8 (పాఠ్యాన్ని బైట్లుగా రాసే పద్ధతి) కాదంటూ డీకోడర్ తిరస్కరించసాగింది. స్ట్రింగ్‌లను కూడా బైట్లుగానే ఇచ్చే ఆప్షన్‌ను ఆ పరికరాల వరకు ఆన్ చేసి గట్టెక్కాము గానీ, ఆ పరికరాలు వాడుకలో ఉన్నంత కాలం ఆ ప్రత్యేక ఏర్పాటు మా కోడ్‌లో ఉండక తప్పదు.

అదే సవరణలో చేసిన ఒక మంచి పనిని మాత్రం మీరు అనుసరించాలి. ఎక్స్‌టెన్షన్ అనే రకాన్ని పెట్టి, అందులో 0 నుంచి 127 వరకు సంఖ్యలను అప్లికేషన్లకూ, -1 నుంచి -128 వరకు స్పెసిఫికేషన్ భవిష్యత్ అవసరాలకూ కేటాయించారు. అందువల్లనే 2017లో టైమ్‌స్టాంప్ -1 సంఖ్యతో, 32, 64, 96 బిట్ల మూడు పరిమాణాలలో, ఇతర రకాలేవీ మారకుండా చేరగలిగింది. ఎక్స్‌టెన్షన్ పొడవు ముందే తెలుస్తుంది కనుక, టైమ్‌స్టాంప్ ఎరుగని డీకోడర్ కూడా దానిని దాటుకుని ముందుకు పోగలదు. కాబట్టి మీరు కూడా ముందు ఎక్స్‌టెన్షన్‌కు చోటు కల్పించి, అది అన్ని భాషల అమలులలోకి చేరిన తరువాతే టైమ్‌స్టాంప్‌ను విడుదల చేయండి.

బైట్లు మారకపోతే వెనక్కి రావడం ఎంత సులువో ప్రోటోకాల్ బఫర్స్‌లో చూడవచ్చు. దాని స్కీమా భాష మూడవ వెర్షన్ అయిన ప్రోటో3 మొదట్లో సాధారణ ఫీల్డ్‌లకు 'ఆప్షనల్' అనే గుర్తును తీసివేసింది. దానితో విలువ 0 అని పంపారో, అసలు పంపనే లేదో తెలుసుకునే వీలు లేక, చాలామంది ఒక్క సంఖ్య కోసం దాని చుట్టూ వేరే మెసేజ్ చుట్టవలసి వచ్చింది. 2020లో ప్రయోగాత్మకంగా, 2021లో పూర్తి స్థాయిలో 'ఆప్షనల్' తిరిగి వచ్చింది. ఆ తొలగింపు భాషా నియమాలకే పరిమితమై, బైట్ల రూపం చెక్కుచెదరలేదు కనుకనే అది సాధ్యమైంది. తెలియని ఫీల్డ్‌లను పారవేయాలన్న నిర్ణయాన్ని కూడా 2017లో 3.5 వెర్షన్‌తో ఉపసంహరించుకున్నారు, కానీ ఆలోగా పాత స్కీమాతో నడిచిన మధ్యవర్తి సర్వర్లు జారవిడిచిన ఫీల్డ్‌లు మాత్రం పోయినట్లే.

మీ జాబితాలో లేనిది ఒకటుంది, నేనైతే దానినే అన్నిటికన్నా ముందు పెడతాను: డీకోడర్‌కు పరిమితులు. మెసేజ్‌ప్యాక్‌లో 5 బైట్ల శీర్షిక ఒక్కటే తన వెనుక దాదాపు 429 కోట్ల మూలకాలున్నాయని చెప్పుకోగలదు. ఆ మాటను నమ్మి ముందే మెమరీ కేటాయించే డీకోడర్‌ను ఎవరైనా పడగొట్టవచ్చు. మెసేజ్ లోపల మెసేజ్‌గా ఎంత లోతుకు వెళ్లవచ్చన్నదానికి కూడా హద్దు అవసరం. ప్రోటోకాల్ బఫర్స్ సీ++, జావా అమలులలో అది డిఫాల్ట్‌గా 100. వాడుకదారులు తక్కువగా ఉన్న ఇప్పుడే ఈ హద్దులు పెట్టండి, ఎందుకంటే రెండేళ్లు ఆగితే ఇదే మార్పు ఎవరో ఒకరి ప్రోగ్రామ్‌ను ఆపేస్తుంది.

పై పనులలో దేనికి పూనుకున్నా, ప్రతి పాత వెర్షన్ ఉత్పత్తి చేసిన బైట్లను ఫైళ్లుగా రిపాజిటరీలో ఉంచి, ప్రతి కమిట్‌కూ వాటిని కొత్త డీకోడర్‌తో చదివించండి. మీ లైబ్రరీకి అనేక భాషలలో అమలులుంటే ఆ ఫైళ్లు అన్నిటికీ ఉమ్మడిగా ఉండాలి. వేగం విషయంలో ఒక్క మాట: క్యాప్న్ ప్రోటో, ఫ్లాట్‌బఫర్స్ అనే ఫార్మాట్లను డీకోడింగ్ అవసరమే లేకుండా చదవగలగడానికి కారణం వాటి బైట్ల అమరికే, దానిని మీ ఫార్మాట్‌కు పై నుంచి అతికించలేరు. స్కీమా తనిఖీని వేరే ప్యాకేజీగా విడుదల చేస్తే సరిపోతుంది. అక్కర లేనివారిపై దాని భారం పడదు, దాని వెర్షన్ సంఖ్యలు కూడా మీ ఫార్మాట్ వెర్షన్‌తో ముడిపడవు.