ఓటీ టెక్నాలజీ చదువుకు డబ్బు: డిపాజిట్ తీయాలా, నగలు కుదువ పెట్టాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. పదహారేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాము. గార్మెంట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా నాకు నెలకు 38 వేలు, కుట్టుపనితో నా భార్యకు 6 వేలు వస్తాయి. ఇంటి ఖర్చు 30 వేలు. ఎనిమిదో తరగతి చదువుతున్న అబ్బాయి పీయూసీ (ఇంటర్) కోసం నెలకు 5 వేల చీటీ కడుతున్నాము. బ్యాంకులో 1.40 లక్షలు, 1.20 లక్షల డిపాజిట్లు రెండున్నాయి. 80 గ్రాముల నగలున్నాయి. పీయూసీ సైన్స్ పూర్తిచేసిన మా అమ్మాయి ఆపరేషన్ థియేటర్ పని నేర్చుకుంటానంటోంది. ఒక కాలేజీలో బీఎస్సీకి మూడేళ్ల పాటు ఏడాదికి 1.40 లక్షలు, ఆపైన ఫీజు లేని ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంకొక సంస్థ 95 వేలకే ఏడాది సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. డల్లాస్‌లో ఉన్న మా బావమరిది ఈ పనికి అమెరికాలో మంచి జీతాలున్నాయి, చదివించండి అంటున్నాడు. డబ్బు ఎలా సర్దుకోవాలి?

జవాబు: ఏడాది సర్టిఫికెట్ మాటను మొదటే పక్కన పెట్టండి. 2021లో వచ్చిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టం శస్త్రచికిత్స, అనస్థీషియాలకు సంబంధించిన సాంకేతిక వృత్తులను తన పరిధిలోకి తెచ్చింది. అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్‌గా లెక్కలోకి రావాలంటే రెండు నుంచి నాలుగేళ్ల కాలంలో కనీసం 2,000 గంటల చదువుతో వచ్చిన డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఏడాదిలో ముగిసే కోర్సు ఆ కొలతకు అందదు కాబట్టి, చూపుకు చవకగా కనిపించే 95 వేలు రేపు రిజిస్ట్రేషన్ అడిగే చోట అక్కరకు రాకుండా పోవచ్చు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను రసీదు మీద రాసివ్వమని ఒక్కసారి అడిగి చూడండి, వారి ధైర్యం ఎంతో తెలుస్తుంది.

బీఎస్సీ విషయానికి వస్తే, ఆ కాలేజీకి రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం అనుబంధం ఈ కోర్సుకు, ఈ విద్యాసంవత్సరానికి ఉందో లేదో విశ్వవిద్యాలయం ప్రకటించే జాబితాలోనే చూసుకోండి. బ్రోచర్‌లో ముద్రించిన మాటను నమ్మి అడ్వాన్సు కట్టవద్దు. అలాగే కాలేజీకి సొంత ఆసుపత్రి ఉందా, అందులో రోజుకు ఎన్ని ఆపరేషన్లు జరుగుతాయి అన్నది ఫీజు కన్నా ముందు అడగవలసిన ప్రశ్న. సర్జరీకి ముందు ట్రాలీ సర్దడం, ఆటోక్లేవ్ చేసిన (ఆవిరితో క్రిములు లేకుండా చేసిన) పరికరాలు సరిచూసుకోవడం, అనస్థీషియా యంత్రాన్ని పరీక్షించడం, కుట్లు వేసే ముందు గాజ్ గుడ్డలు (రక్తం తుడిచే పలుచని నూలు గుడ్డలు), సూదులు లెక్క తప్పకుండా చూడడం వంటివి రద్దీ ఉన్న థియేటర్‌లో నిలబడితేనే చేతికి వస్తాయి. ఆ అనుభవమే మీ అమ్మాయి మొదటి జీతాన్ని నిర్ణయిస్తుంది కనుక దీన్ని డబ్బు లెక్కగానే చెబుతున్నాను.

మొత్తం ఫీజు 4.20 లక్షలు. బస్సు పాస్, పరీక్ష ఫీజులు, యూనిఫారం, పుస్తకాలు కలిపి నెలకు 2,500 వేసుకుంటే నాలుగేళ్లకు మరో 1.20 లక్షలు అవుతాయి. ఆసుపత్రి పోస్టింగులకు ముందే హెపటైటిస్-బి టీకా మూడు డోసులు పూర్తి కావాలి. వాటికి సుమారు ఆరు నెలలు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకండి, దాని ఖర్చు స్వల్పమే. ఇంటర్న్‌షిప్‌లో రాత్రి డ్యూటీలుంటే కె.ఆర్.పురం నుంచి రాకపోకలు కష్టమై, ఆ ఏడాదికి హాస్టల్ అవసరం పడవచ్చు. స్టైపెండ్ ఎంత అన్నది కాలేజీ నుంచి రాతపూర్వకంగా తెలుసుకోండి; అంతవరకు మీ లెక్కలో దాన్ని సున్నాగానే ఉంచండి.

మొదటి ఏడాది ఫీజుకు 1.40 లక్షల డిపాజిట్ తీయండి. 1.20 లక్షల డిపాజిట్ మాత్రం నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే ఆపద్ధనం, దాన్ని కదపవద్దు. అబ్బాయి చీటీని అక్క ఫీజు కోసం ముందుగా పాడితే కసరు (పాటలో వదులుకునే సొమ్ము) రూపంలో నష్టపోయేది మీరే, పైగా వాడి చదువు నాటికి మళ్ళీ అప్పు వెతుక్కోవాలి. నగల సంగతి కూడా అంతే: బంగారం రుణం సాధారణంగా ఏడాదిలోపు తీర్చవలసింది, ఈ చదువు సంపాదనగా మారడానికి నాలుగేళ్లు పడుతుంది. ఏటేటా తిరగరాయించుకుంటూ పోతే వడ్డీ కట్టడమే తప్ప అసలు తరగదు.

రెండో, మూడో ఏడాదుల ఫీజు 2.80 లక్షలకు విద్యారుణం తీసుకోండి. బ్యాంకుల నమూనా విద్యారుణ పథకం ప్రకారం 4 లక్షల వరకు ఆస్తి తనఖా గానీ మీ వాటా సొమ్ము గానీ అడగరు. కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వాయిదాలు ఉండవు. రుణాన్ని మొదటే మంజూరు చేయించుకుని, ఏ ఏటి ఫీజు ఆ ఏడు విడుదల చేయించుకుంటే తీసుకున్న సొమ్ముకే వడ్డీ పడుతుంది. వడ్డీ 10 శాతం అనుకుంటే రెండో ఏట నెలకు సుమారు 1,170, మూడో ఏటి నుంచి 2,330 రూపాయలు అవుతుంది. నెలకు మిగిలే 9 వేల నుంచి ఈ వడ్డీని, కోర్సు చిల్లర ఖర్చును కట్టుకుంటూ వెళ్లండి. అలా చేస్తే ఏడేళ్ల వాయిదా నెలకు దాదాపు 4,650 పడుతుంది. వడ్డీని వదిలేస్తే వాయిదాలు మొదలయ్యేనాటికి అప్పు 3.78 లక్షలై, వాయిదా 6,275కి చేరుతుంది. తొలి జీతాన్ని 18 వేలకు మించి ఊహించకుండా లెక్క వేస్తే ఈ తేడా చిన్నది కాదని మీకే తెలుస్తుంది.

2024లో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు వార్షికాదాయం ఉన్న కుటుంబాలకు వాయిదాలు మొదలయ్యేదాకా 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ ఆదాయం 5.28 లక్షలే గనుక మీరు ఆ పరిమితిలోకి వస్తారు, అయితే కాలేజీ కూడా ప్రభుత్వం ఎంపిక చేసిన సంస్థల జాబితాలో ఉండాలి. విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకోండి. పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా ఊరిస్తే పట్టించుకోకండి. మీ ఆదాయానికి అసలు పన్నే లేదు.

మీ బావమరిది చెప్పిన జీతం అబద్ధం కాదు, అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం సర్జికల్ టెక్నాలజిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం 60 వేల డాలర్లు దాటింది. అయితే అక్కడ సర్టిఫైడ్ సర్జికల్ టెక్నాలజిస్ట్ పరీక్ష రాయడానికి సాధారణంగా సీఏఏహెచ్ఈపీ లేదా ఏబీహెచ్ఈఎస్ అనే అక్కడి సంస్థల గుర్తింపు ఉన్న కోర్సు చదివి ఉండాలి; బెంగళూరు బీఎస్సీతో నేరుగా ఆ పరీక్షకు కూర్చోవడం కుదరదు. అంటే అక్కడ మళ్ళీ చదువు, మళ్ళీ ఫీజు, వీసా. కాబట్టి ఇప్పటి రుణాన్ని డాలర్ జీతం మీద ఆశతో పెంచుకోకండి. ఈ వారంలో అనుబంధ జాబితా చూసుకుని, ఫీజు పత్రంతో, జీతం స్లిప్పులతో మీ జీతం పడే బ్యాంకు శాఖకే ముందు వెళ్లండి.