అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంట్లో గొడవ లేకుండా రైళ్ళు చూడడం ఎలా?

న్యూజెర్సీలో కొడుకు ఇంట్లో మూడు నెలలు ఉండబోతున్నానని, రైళ్ళంటే చిన్నప్పటి నుంచీ ప్రాణమని, కానీ ‘లక్షలు పోసి టికెట్లు కొనేది పట్టాల పక్కన నిలబడడానికా’ అని ఇంట్లో అప్పుడే మొదలైందని రాశారు. ఈ పరీక్ష నేను 2023లో రాసి వచ్చాను. రైళ్ళ పేపర్లో మంచి మార్కులే వచ్చాయి. ఇంటి పేపర్లో మాత్రం మొదటి నెల తప్పి, తర్వాత గట్టెక్కాను.

నేను రైల్వే ఉద్యోగిని కాదు, బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మా నాన్న గార్డు. డోర్నకల్ జంక్షన్ రైల్వే క్వార్టర్లలో పెరిగాను. కొత్తగూడెం వైపు నుంచి బొగ్గు బండ్లు వస్తుంటే పెట్టెలు లెక్కపెట్టడం అప్పుడు అంటుకున్న జబ్బు, ఇప్పటికీ తగ్గలేదు. మా ఆవిడది కొత్తగూడెం. వాళ్ళ నాన్న సింగరేణిలో బొగ్గు బాయి, అంటే గని, దిగి పనిచేసినవాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మా అమ్మాయి ఇల్లు ఎడిసన్‌లో. వెళ్ళిన మొదటి వారం తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. వాకింగ్ అని చెప్పి మెట్రోపార్క్ స్టేషన్‌కు నడిచి పోయేవాణ్ణి, నలభై నిమిషాల నడక. రైళ్ళ కోసం అని చెప్పలేదు. నాలుగోరోజు అక్కడే తొమ్మిదిన్నర అయింది. ఫోనులో ఇంకా అక్కడి సిమ్ము వెయ్యలేదు. నేను తిరిగొచ్చేసరికి అల్లుడు ఆఫీసు మానేసి కారులో వీధులన్నీ వెతుకుతున్నాడు, అమ్మాయి గుమ్మంలో ఏడుస్తోంది. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. కాబట్టి మొదటి మాట: దాచకండి. పిచ్చి ఉందని తెలిస్తే నవ్వుతారు. దాచారని తెలిస్తే తర్వాత నిజంగా వాకింగ్‌కు వెళ్ళినా నమ్మరు.

ఇక మెట్రోపార్క్ సంగతి. వాషింగ్టన్ నుంచి బోస్టన్ దాకా 735 కిలోమీటర్ల కారిడార్ మీద ఉంది అది. నాలుగు లైన్లు. లోకల్ బండ్లు, దూరప్రయాణాల సంస్థ ఆమ్‌ట్రాక్ బండ్లు, వాటి మధ్య ఆ సంస్థదే అతి వేగం బండి అసేలా. పైన కరెంటు తీగ మనలాంటిదే అనుకుంటాం గానీ కాదు. మన దగ్గర 25 వేల వోల్టులు, 50 హెర్ట్జ్. అక్కడ 12 వేల వోల్టులు, 25 హెర్ట్జ్. 1930ల్లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ వేసిన పద్ధతి న్యూయార్క్‌కు దక్షిణాన ఇంకా నడుస్తోంది. దేశమంతా 60 హెర్ట్జ్ కరెంటు అయితే ఈ లైనుకు మాత్రం వేరే కరెంటు తయారుచేసి ఇస్తున్నారు, ఒక జలవిద్యుత్ కేంద్రంలో దానికోసమే వేరే యంత్రాలున్నాయి. తొంభై ఏళ్ళ కిందటి కాపురాన్ని కదపలేక దానికే అన్నం వండి పెడుతున్నట్టు. అన్నట్టు, థామస్ ఎడిసన్ 1880లో కరెంటు రైలు నడిపి చూసిన మెన్లోపార్క్ ఈ స్టేషనుకు కూతవేటు దూరమే. ఇండియన్ షాపుల కోసం ఓక్ ట్రీ రోడ్డుకు ఇంట్లోవాళ్ళు ఎలాగూ పోతారు. వస్తూ వస్తూ మెన్లోపార్క్‌లో ఎడిసన్ స్మారక గోపురం దగ్గర ఆగమంటే ఎవరూ కాదనరు.

వేగం చూడాలంటే మాత్రం ప్రిన్స్‌టన్ జంక్షన్. అసేలా అక్కడ ఆగకుండా మధ్య లైన్లలో పోతుంది. నేను చూసిన 2023లో న్యూజెర్సీలోని ఆ ముక్క మీద దాని వేగం గంటకు 240 కిలోమీటర్ల దాకా ఉండేది. డోర్నకల్ ప్లాట్‌ఫారం మీద రాజధాని పోతుంటే దుమ్ము లేచి, చాయ్ కప్పులు దొర్లి, ఒక హడావిడి ఉండేది. ఇక్కడ పట్టాలు కొంచెం జుమ్మంటాయి, తల తిప్పేలోపల బండి లేదు. నిజం చెప్పొద్దూ, నాకు కాస్త వెలితిగా అనిపించింది. నా ఆరేళ్ళ మనవడికి అంతకంటే ‘డింకీ’ నచ్చింది. ఆ జంక్షన్ నుంచి ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి పోయే చిన్న బండికి ముద్దుపేరు అది. 4 కిలోమీటర్ల పైచిలుకు, ఐదు నిమిషాల ప్రయాణం. వాడు రానూ పోనూ మూడుసార్లు తిప్పించాడు. మనవణ్ణి తీసుకుపోతే రైలు చూడడం కాస్తా పిల్లాణ్ణి ఆడించడం అయిపోతుంది, ఇంట్లో అందరికీ విశ్రాంతి. మొదటి మార్పు అక్కడే వచ్చింది. న్యూజెర్సీ లోకల్ బండ్లలో 62 నిండినవాళ్ళకు సగం ధరే, వయసు రుజువు దగ్గర పెట్టుకోండి.

తర్వాత పిట్స్‌బర్గ్. మా మేనల్లుడు అక్కడ ఉన్నాడు, పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడి ఉంది. మా ఆవిడకు ఈ రెండు కారణాలు చాలు. నాకు మూడోది ఉంది: మధ్యలో హార్స్‌షూ కర్వ్ అనే పేరున్న రైలు మలుపు. అల్లుడు కారులో ఐదారు గంటలే అన్నాడు. ‘పిల్లాడికి సెలవు లేదు, మేమిద్దరం రైల్లో పోతాంలే’ అన్నాను, అల్లుడి శ్రమ తగ్గించేవాడిలా.

అప్పటికి రోజుకొక్కటే బండి, పేరు పెన్సిల్వేనియన్. మేం ట్రెంటన్‌లో ఎక్కాం. ఫిలడెల్ఫియాలో కరెంటు ఇంజను తీసి వెనకవైపు డీజిలు తగిలిస్తారు, విశాఖపట్నంలోలాగే ఇక్కడా బండికి ముందు వెనకవుతుంది. అందుకని సీటు ఫిలడెల్ఫియా తర్వాతి లెక్కలో ఎడమవైపు పట్టుకోండి, హార్స్‌షూ కర్వ్ అటే కనిపిస్తుంది. హారిస్‌బర్గ్ దాకా పైన కరెంటు తీగ ఉన్నా కింద డీజిలే లాగుతుంది. హారిస్‌బర్గ్ దాటగానే సస్క్వెహనా నది మీద రాక్‌విల్ వంతెన. 1902లో కట్టింది, 48 కమానులు, కిలోమీటరుకు పైగా రాతి కట్టడం. రాజమండ్రి గోదావరి వంతెనల పక్కన పొడవులో చిన్నదే. కానీ అన్నీ రాతి కమానులే అని తెలిశాక కిటికీకి ముక్కు ఆనించాను. మా ఆవిడ పులిహోర డబ్బా తెరిచింది. ఎదురు వరసలో కూర్చున్న తెల్లావిడ వాసన బాగుందంది, ఆవిడకూ పెట్టింది. అక్కణ్ణుంచి ఆల్టూనా దాకా ఇద్దరూ మనవల ఫోటోలు చూపించుకుంటూనే ఉన్నారు. నాకు కావలసిందీ అదే.

రెండోరోజు గుడి, మూడోరోజు మేనల్లుడు కారులో మమ్మల్ని వెనక్కి ఆల్టూనాకు, అంటే రెండు గంటలు, తీసుకొచ్చాడు. ‘మామా, రైల్లో చూశావుగా, మళ్ళీ ఎందుకు?’ అన్నాడు. రైల్లోంచి కొండ మలుపు చూడ్డం వేరు, మలుపులో కూర్చుని రైలును చూడ్డం వేరు. 1854లో తెరిచిన లైను. అలెగెనీ కొండలు సూటిగా ఎక్కలేక లోయ చుట్టూ గుర్రపు లాడంలా తిప్పేశారు. ఈ కొండ ఎక్కుడు 54 అడుగులకు ఒక అడుగు. ముంబై-నాసిక్ దారిలో మన కసారా ఘాట్ 37కి ఒకటి, అంటే మనదే నిటారు. కానీ ఆ బరువులు చూడాలి. మూడు లైన్ల మీద రెండంతస్తుల కంటెయినర్లు, ముందు ఇంజన్లు, వెనక తోసే ఇంజన్లు. బండి తల లోయకు ఈ పక్కనా, తోక ఆ పక్కనా ఒకేసారి కనిపిస్తాయి. రెండో ప్రపంచయుద్ధంలో, 1942లో, జర్మనీ పంపిన విధ్వంసకుల జాబితాలో ఈ మలుపు కూడా ఉందట. ఇది తెగితే తూర్పు పడమరల మధ్య సరుకు ఎంతగా ఆగిపోతుందో చూస్తే అర్థమైంది.

అక్కడ మూడు గంటల్లో ఎనిమిది బండ్లు వచ్చాయి. సరుకు బండ్లకు మనకు తెలిసే టైంటేబులు ఉండదు, ఓపిక పట్టాలి. కిందనుంచి పైకి మెట్లు 194, మోకాళ్ళు బాగాలేకపోతే తాడుతో లాగే చిన్న బండి ఉంది. నేను పెట్టెలు లెక్కపెడుతూనే ఉన్నాను. ఒక కంటెయినర్ బండి వెనక ఇంజన్లు లేకుండా వచ్చింది. ఆఖరి పెట్టె కోసం చూస్తున్నాను, గార్డు పెట్టె లేదు. తెలుసు, అమెరికాలో 1980ల్లోనే తీసేశారు. అయినా కళ్ళు వెతుకుతాయి కదా. కప్లింగుకు తగిలించిన చిన్న ఎర్ర దీపం పెట్టె మిణుకుమంటూ మలుపు తిరిగి పోయింది. నాన్న టిఫిను డబ్బా, జెండాలు, రెండురోజులు ఇంటికి రాని డ్యూటీలు, చలికాలంలో ఆ పెట్టెలో ఒక్కడే కూర్చోవడం, అంతా ఆ అరచేతంత పెట్టె చేస్తోంది. ‘మీ నాన్న గుర్తొచ్చాడా?’ అంది మా ఆవిడ. పెట్టెలెన్నో మర్చిపోయాను ఆ బండికి.

పిట్స్‌బర్గ్‌లో ఇంకా చాలా ఉంది. కొండ మీదికి 1870 నుంచి నడుస్తున్న వాలు రైలు ఉంది. 1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకుకు పేటెంటు తీసుకున్నదీ ఆ ఊళ్ళో ఉండగానే. అవన్నీ రాస్తే ఇది పుస్తకమవుతుంది.

అసలు చెప్పాలనుకున్నది స్క్రాంటన్ గురించి. ఎడిసన్ నుంచి కారులో రెండు గంటల పైచిలుకు. అక్కడ స్టీమ్‌టౌన్ అని నేషనల్ పార్కు వాళ్ళ ఆవిరి ఇంజన్ల మ్యూజియం ఉంది. ‘బిగ్ బాయ్’ అనే మహాకాయం ఒకటి బయటే నిలబెట్టి ఉంటుంది. అందరూ దానికోసం పోతారు. నేను పోయింది డెలావేర్-లాకవానా అనే చిన్న సరుకు రైల్వే కోసం. వాళ్ళు ఇప్పటికీ ఆల్కో ఇంజన్లు నడుపుతారు.

ఆల్కో అంటే ఏంటో మీకు చెప్పక్కర్లేదు, చదివే మిగతావాళ్ళ కోసం: మనం చిన్నప్పుడు చూసిన డీజిలు ఇంజను, డబ్ల్యూడీఎం-2, పుట్టిల్లు అమెరికాలో ఆల్కో కంపెనీ. 1962లో మొదటివి అక్కణ్ణుంచి ఓడలెక్కి వచ్చాయి, తర్వాత వారణాసిలో తయారుచేశారు. మొత్తం రెండున్నర వేలకు పైగా. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. ఆల్కో 1969లో ఇంజన్ల తయారీ మానేసింది, పుట్టింటివాళ్ళు పోయాక కూడా కూతురు ఇక్కడ దశాబ్దాలు కాపురం చేసింది. నిలబడి ఉన్నప్పుడు దాని చప్పుడు ఎడ్లబండి గతుకుల మీద పోతున్నట్టు లయగా ఉంటుంది. కదిలేటప్పుడు ఒక్కసారి నల్లటి పొగ ఆకాశానికి కొట్టి, దగ్గి, అప్పుడు అందుకుంటుంది.

ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలా అని రెండురోజులు తిరిగాను. స్క్రాంటన్ గురించి చదువుతుంటే కనిపించింది: అది బొగ్గు ఊరు. పాత గని ఒకటి జనానికి చూపిస్తారు, లాకవానా కోల్ మైన్ టూర్ అని. మా ఆవిడకు చెప్పాను. ‘బాయిలోకి ఆడవాళ్ళను రానిస్తారా?’ అంది. సింగరేణిలో ఆ రోజుల్లో ఆడవాళ్ళు భూగర్భంలోకి దిగి పనిచెయ్యడానికి చట్టమే ఒప్పుకునేది కాదు. తండ్రి జీవితమంతా దిగిన చోటును ఆవిడ ఒక్కసారీ చూడలేదు. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు తట్టలేదు.

అల్లుడు సెలవు పెట్టాడు, బుధవారం అందరం పోయాం. తాడు కట్టిన పెట్టెలో ఏటవాలుగా 300 అడుగుల కిందికి దింపుతారు. కింద ఏడాది పొడుగునా 12 డిగ్రీలే, స్వెట్టరు మర్చిపోకండి. గైడు గాలి తలుపులు తెరవడానికి కూర్చోబెట్టిన చిన్నపిల్లల గురించి చెప్పి, ఒక్క క్షణం దీపాలన్నీ ఆర్పేశాడు. ఆ చీకట్లో మా ఆవిడ గొంతు వినిపించింది: ‘ఇంత చీకట్లోనా మా నాయన పనిచేసింది.’ దీపాలు వచ్చాక గైడు చెప్పేదాన్ని ఆవిడే అమ్మాయికి విడమరిచి చెప్పింది. తట్టా చెమ్మస్ పని, అంటే పారతో బొగ్గు తట్టలకెత్తడం, ఎలా ఉండేదో, మొదటి షిఫ్టుకు సైరన్ ఎప్పుడు కొట్టేదో, ఇంటికొచ్చాక నాయన ముఖంలో కళ్ళొక్కటే ఎలా తెల్లగా ఉండేవో. అమ్మాయి ఇవేవీ అంతకుముందు వినలేదు. నేనూ సగం వినలేదు.

బయటికొచ్చి ఊళ్ళోకి పోతుంటే లెవెల్ క్రాసింగ్ దగ్గర గంట మోగి కారు ఆగింది. పది పదిహేను పెట్టెలతో ఒక బండి. అద్దం దించాను. పొగ కొట్టింది, దగ్గింది. నేను నోరు తెరిచేలోపు వెనక సీట్లోంచి మా ఆవిడ అంది: ‘ఇది మన సింగరేణి ప్యాసింజరు కదూ!’

జాగ్రత్తలు రెండే రాస్తాను. పట్టాలు అక్కడ చాలాచోట్ల ప్రైవేటు కంపెనీల ఆస్తి, మనలా అడ్డంగా దాటితే కేసు అవుతుంది. ప్లాట్‌ఫారం, పార్కు, రోడ్డు నుంచే చూడండి. ఒక చిన్న స్టేషన్లో గంటన్నర ఏ బండీ ఎక్కకుండా కూర్చుంటే పోలీసాయన వచ్చి పలకరించాడు. ‘రైల్‌ఫ్యాన్’ అని చెప్పి ఫోనులో ఫోటోలు చూపించాను, నవ్వి పోయాడు. ఆ మాట అక్కడ అందరికీ తెలుసు. గుర్తింపు కాగితాలు దగ్గర ఉంచుకోండి.

ఎక్కడికి పోవాలో మాత్రం రైల్వే మ్యాపు ముందేసుకుని మొదలుపెట్టకండి. చుట్టాల ఇళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు గుర్తులు పెట్టుకోండి, మీ ఆవిడగారు చూడాలనుకునేవి కూడా. మీ అబ్బాయి ఉండేది ఏ ఊరో, ఇంకెవరెవరి ఇళ్ళకు పోవాలనుకుంటున్నారో కింద రాయండి, దారిలో ఏ లైను తగులుతుందో చూసి చెప్తాను.