మౌలానా ఆగిన చోట నాయకుడు నినాదం పెడతాడు

ఇస్లామీ బయాన్ల, అంటే మత ప్రసంగాల, శైలి రాజకీయ నాయకులకు ఎందుకంత పనికొస్తుందని అడిగారు. వరంగల్‌లో మాది మైక్‌సెట్ల వ్యాపారం. ప్రవక్త పుట్టినరోజు సభలైన మిలాద్ జల్సాలకూ ఎన్నికల మీటింగులకూ అవే బాక్సులు పోతాయి, ఆంప్లిఫయర్ దగ్గర కూర్చునేది నేనే. అంతా గొంతులోనూ షాయరీలోనూ ఉందంటారు గానీ నేనొప్పుకోను. బయాన్ బలమంతా ఎదురుగా కూర్చున్నవాణ్ని నిలదీయడంలో ఉంది.

మండి బజార్‌లో ఒక జల్సా. రాత్రి పదికి మైకు ఆపాలని పోలీసాయన అప్పటికే నా పక్కన నిలబడ్డాడు. మౌలానా ఖురాన్‌లోని రఅద్ సూరా (అధ్యాయం) పదకొండో ఆయత్ (వాక్యం) రాగం తీసి చదివారు. ఒక జాతి తనను తాను మార్చుకోనంతవరకు అల్లాహ్ దాని స్థితిని మార్చడని అర్థం చెప్పి, "మరి మనమేం మార్చుకున్నాం?" అని ఆగిపోయారు. బాక్సుల్లో సన్నటి గుయ్‌మనే చప్పుడు తప్ప ఏమీ లేదు. "కొడుకు పెళ్లికి జోడే కీ రకమ్ తీసుకున్నవాళ్లు ఇక్కడ ఎంతమంది?" అన్నారు. జోడే కీ రకమ్ అంటే పెళ్లికొడుకు వైపు తీసుకునే కట్నం డబ్బు. ముందు వరుసలో ఒక పెద్దమనిషి టోపీ తీసి, దులిపి, మళ్లీ పెట్టుకున్నాడు. ఒక్కడూ నారా (నినాదం) ఇవ్వలేదు.

తర్వాత మునిసిపల్ ఎన్నికల్లో ఒక అభ్యర్థి అదే ఆయత్ ఎత్తుకున్నాడు. అదే రాగం. కానీ మారడమంటే మన ఓట్లు చీలకపోవడమేనన్నాడు. తప్పంతా అవతలివాళ్లదైపోయింది, నారా-ఏ-తక్బీర్‌కు, అంటే అల్లాహు అక్బర్ నినాదానికి, గల్లీ దద్దరిల్లింది.

ఇది మన గడ్డ మీద కొత్త కాదు. మిలాద్ సభల్లో వక్తగా పేరు మోగిన బహదూర్ యార్ జంగ్ 1938లో నిజాం కాలపు ముస్లిం పార్టీ మజ్లిస్‌కు అధ్యక్షుడయ్యాడు. 1946లో కాసిం రజ్వీ చేతికొచ్చాక ఆ వేదిక మీద మిగిలింది ఎదుటివాడి మీద కోపమే. 1948 ఆగస్టులో రజ్వీ రజాకార్లు బైరాన్‌పల్లి ఊరి మీద పడి ఏం చేశారో మన పెద్దలు ఇంకా చెప్తారు. అదే నెలలో, వాళ్లకు ఎదురు రాసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను హైదరాబాద్‌లో చంపేశారు. ఆయనా ముస్లిమే. తుర్కోళ్ల ఉపన్యాసాలన్నీ ఒకటేననేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఇప్పుడు ఫోన్లలో తిరిగేవన్నీ అరుపుల ముక్కలే. జుమా (శుక్రవారం నమాజు) రోజు అరబీలో చదివే ఖుత్బా ప్రసంగానికి ముందు ఉర్దూలో జరిగే బయాన్ వినండి: వడ్డీ, తాగుడు, ఎగ్గొట్టిన అప్పులు, తల్లిదండ్రుల్ని చూడని కొడుకులు. ఓట్లడిగేవాళ్లకు ఇన్నేళ్లుగా మైకు అందిస్తున్నాను, జోడే కీ రకమ్ ఊసెత్తినవాణ్ని ఒక్కణ్నీ చూడలేదు.