పనులు తగ్గిన రోజుల్లో యూనియన్ గురించి అల్లుడికి

అల్లుడూ,

మొన్న మీ అమ్మ ఫోన్‌లో నీ సంగతంతా చెప్పింది. ఆర్డర్లు లేక గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో ఒక షిఫ్టు ఆపేశారట, రెండు నెలల జీతం ఆగిందట. యూనియన్ వాళ్ళు పిలిస్తే "ఉన్న పని కూడా పోతుంది" అని నువ్వు పక్కకు తప్పుకున్నావట. నిన్ను తప్పుపట్టను. బండి ఈఎంఐ ఉంది, టెన్షన్ ఉంటుంది. నీ వయసులో నేనూ తప్పుకున్నాను.

తర్వాత ఏమైందో విను. చీమకుర్తిలో నేను పనిచేసిన చోట రాయి అమ్ముడుపోక గేటుకు తాళం పడింది. బాకీ అడగబోతే, మేమక్కడ పనిచేశామని చూపే కాగితం ఒక్కటీ లేదు. మస్తరు, అంటే హాజరు పట్టీ, మేస్త్రి దగ్గరే ఉండేది. పదకొండు మందిమి ఎవరికి వాళ్ళం వెళ్ళాం. ఒక్కొక్కరికీ ఒక్కో మాట చెప్పి పంపారు. ఆ డబ్బు ఈరోజుకీ రాలేదు.

అందుకే ముందు నీ హాజరు రోజూ రాసిపెట్టుకో. పీఎఫ్ పాస్‌బుక్ నెలనెలా తెరిచి చూడు. జీతంలో కోసింది నిజంగా జమ అయిందా, యజమాని వాటా పడిందా అన్నది చూడాలి. మన కుర్రాళ్ళు కోత చూసి ఊరుకుంటారు.

"లీడర్లు చందాలు తిని యజమానితో కలిసిపోతారు" అంటావు. అలాంటివాళ్ళను నేనూ చూశాను. రసీదు లేకుండా రూపాయి ఇవ్వకు, మీటింగుకు వెళ్ళి లెక్క అడుగు. నీలాగా చదువుకున్నవాళ్ళు ఇంట్లో కూర్చోబట్టే అడిగేవాళ్ళు లేకుండా పోయారు. ఆ యూనియన్ నచ్చకపోతే మీరే పెట్టుకోండి, ఏడుగురు కలిసి రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టొచ్చు. అయితే పనివాళ్ళలో 10 శాతం మందో 100 మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. ఒడిశా, బీహార్ కుర్రాళ్ళను మాత్రం వదిలేయకండి. జీతం ఆగితే ఇంటికి పంపడానికి వాళ్ళకూ ఏమీ ఉండదు.

కోపంలో మిషన్లు ఆపేయొద్దు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కార్మిక చట్టం ప్రకారం సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు సెలవు పెట్టినా అది సమ్మె కిందే లెక్క. తెలియక ఇక్కడే ఇరుక్కుంటారు. ముందు జీతాల బాకీ మీద అందరూ సంతకాలు పెట్టి ఒంగోలు లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. నకలు మీద ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు.

ఆదివారం ఇంటికి రా. ఎవరెవరికి ఎంత రావాలో రాసుకుని తీసుకురా, అర్జీ నేను రాసిపెడతాను.

మీ మామ