చిల్లరలో తప్పు అచ్చు పట్టాలంటే

చి. శ్రావణికి,

మావయ్య ఆశీస్సులు. షాపు గల్లాలో చేరే చిల్లరలో తప్పు అచ్చు నాణేలను ఎలా గుర్తుపట్టాలని అడిగావు. కండక్టరు సంచీ మోసినవాణ్ణి కదా, నాకు ఆ పిచ్చి అక్కడే అంటుకుంది. ఇప్పుడు నీ వంతన్నమాట.

తేడా కనిపించగానే ఇది మింట్‌లో, అంటే నాణేలు కొట్టే టంకశాలలో జరిగిందా, బయట జరిగిందా అని చూడు. నాణెం మీద బొమ్మ కొట్టే ముద్రను అచ్చంటారు. ఆ అచ్చుకు పగులొస్తే లోహం ఆ పగుల్లోకి ఎక్కుతుంది, కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. గుంటపడ్డ గీత సాధారణంగా ఎవరో గీకిందే. గోరుతో తడిమితే తెలిసిపోతుంది.

తిరిగిన అచ్చు, అంటే ఒకవైపు బొమ్మ రెండోవైపుతో పోలిస్తే పక్కకు తిరిగి పడింది, పట్టడం అన్నిటికంటే సులువు. సింహాల వైపు నిటారుగా పెట్టి, నాణేన్ని పుస్తకం పేజీలా పక్కకు తిప్పు. మన నాణేలకు వెనక అంకె కూడా నిటారుగానే రావాలి. కాస్త వాలితే వదిలెయ్. అడ్డంగానో తలకిందులుగానో వస్తే మాత్రం దాచు.

లఖీ అనేది వేరే రకం. కొట్టిన నాణెం బయటికి రాకుండా అచ్చుకే అతుక్కుంటే, తర్వాతి బిళ్ళకు (ఇంకా బొమ్మ పడని లోహపు ముక్కకు) ఒకవైపు మామూలు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ తిరగబడి లోపలికి దిగి వస్తుంది. వీటికి గిరాకీ ఉంది, కాబట్టి మోసమూ ఉంది. రెండు నాణేలను వైస్‌లో (వస్తువుల్ని గట్టిగా బిగించే పనిముట్టులో) బిగించి నొక్కేస్తారు. అలాంటిదాంట్లో నొక్కిన వైపు అసలు బొమ్మ ఆనవాళ్ళు మిగులుతాయి, అవతలి వైపు చదునవుతుంది.

నాణెం ఏ మింట్‌లో కొట్టారో చెప్పే గుర్తులూ ఉంటాయి. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే మన హైదరాబాద్, డైమండ్ అయితే ముంబై, గుండ్రటి చుక్క అయితే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. అందుకే గుర్తు లేదని, తప్పు అచ్చు దొరికిందని సంబరపడకు. 1985 రూపాయి మీద హెచ్ అక్షరం కనిపించినా తప్పు కాదు, అది బర్మింగ్‌హామ్‌లోని హీటన్ మింట్‌లో కొట్టించింది. పది రూపాయల నాణెం మీద గీతలు 10 ఉన్నా 15 ఉన్నా రెండూ అసలువే. 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే చెప్పింది, అయినా మన ఊళ్ళో కొందరు పుచ్చుకోరు!

ఒక అయస్కాంతం, చిన్న డిజిటల్ కాటా దగ్గర పెట్టుకో. పాత మందపాటి ఐదు రూపాయలు 9 గ్రాములుండాలి, అయస్కాంతానికి అంటకూడదు. స్టీలు రూపాయి అంటాలి. లెక్క తప్పితే వేరే నాణేనికి పెట్టిన బిళ్ళ మీద అచ్చు పడిందేమో చూడాలి.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలిస్తామనే వీడియోలు నమ్మకు. అది మామూలుగా చలామణీకి వచ్చిందే. ముందు ఫీజు కట్టమన్నారా, ఫోన్ పెట్టెయ్. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి ఇలా వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

ఇంకొకటి, దొరికినదాన్ని చింతపండుతో తోమకు. తోమిన నాణెం సేకరించేవాళ్ళెవరూ ముట్టరు. రెండు వైపులవీ, అంచుదీ ఫొటోలు తీసి నాకు పంపు.

ఇట్లు,
మావయ్య