కుర్రాళ్ల ప్రొబేషన్‌లో ముందు మార్చాల్సింది ఆఫీసు వేళలు

పద్దెనిమిది దాటి పాతికలోపు ఉన్న కుర్రాళ్లకు ప్రొబేషన్ (నేరం చేసినవాణ్ని జైలుకు పంపకుండా, ఓ ఆఫీసర్ కనిపెట్టుకుని ఉండేలా బయటే ఉంచే పద్ధతి) ఇంకా బాగా పనిచేయాలంటే ఏం చేయాలని అడిగారు. ఎవరిని కదిపినా కౌన్సెలింగ్ పెంచాలంటారు. నన్నడిగితే ముందు ఆఫీసు వేళలు మార్చాలి, మాటిమాటికీ ఆఫీసర్‌ని మార్చడం మానాలి.

మా అన్నయ్య కొడుకు పంతొమ్మిదేళ్లప్పుడు ఓ కొట్లాట కేసులో ఇరుక్కున్నాడు. కోర్టు జైలుకు పంపకుండా ప్రొబేషన్ ఇచ్చింది. గోడౌన్‌లో లోడింగ్ పని కూడా దొరికింది. ప్రొబేషన్ ఆఫీసు మాత్రం సరిగ్గా డ్యూటీ టైములోనే రమ్మనేది. ఓసారి తోడుగా వెళ్లాను. బెంచీ మీద ఫోన్ బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. సూపర్‌వైజర్ నుంచి అది మోగుతూనే ఉంది. "ఎత్తరా" అంటే, "ఎత్తి ఏం చెప్పమంటావు బాబాయ్? కోర్టు పనంటే రేపట్నించి రావద్దంటాడు" అన్నాడు.

లోపలికి పిలిచేసరికి సాయంత్రమైంది. చూస్తే కొత్త ఆఫీసర్. పాతాయన అడిగినవే మళ్లీ మొదటినుంచి: గొడవెలా మొదలైంది, ముందు ఎవరు చెయ్యి చేసుకున్నారు? వాడు తలెత్తకుండా జవాబిచ్చాడు. పని గురించి ఒక్క ప్రశ్న లేదు. కొన్నాళ్లకే ఆ ఉద్యోగం పోయింది. ఆ తర్వాత వెళ్తే "ఖాళీగా ఎందుకు తిరుగుతున్నావ్?" అని వాణ్నే నిలదీశారు!

ఆ ఆఫీసర్‌ని తప్పుపట్టను. బల్లమీద ఫైళ్ల గుట్ట చూశాను. అన్ని కేసులు ఒక్క మనిషికి అప్పగిస్తే హాజరు వేయించడానికే టైం చాలదు. కానీ ప్రొబేషన్ పుట్టింది అందుక్కాదు. 1841లో బోస్టన్‌లో బూట్లు కుట్టే జాన్ ఆగస్టస్ కోర్టులో ఓ తాగుబోతుకి తనే హామీ ఉండి బయటికి తెచ్చాడు. ఇంగ్లండ్ 1907 చట్టమైతే సలహా ఇవ్వాలి, సాయపడాలి, స్నేహంగా ఉండాలి, అవసరమైతే తగిన పని వెతికిపెట్టాలి అని ఆఫీసర్ విధుల్లోనే రాసింది. పని వెతికిపెట్టాల్సిన వ్యవస్థే ఉన్న పని పోగొడితే ఎలా?

పద్దెనిమిది నిండితే పూర్తిగా పెద్దవాడే అని వాదించేవాళ్లంటే నాకు ఒళ్లుమండుతుంది. జర్మనీలో 18 నుంచి 20 ఏళ్లవాళ్ల విషయంలో ఎదుగుదల ఇంకా పిల్లల స్థాయిలోనే ఉందనిపిస్తే జడ్జి బాలల చట్టాన్నే వర్తింపజేస్తారు. ఇలా చేయని దేశాలకేమైంది?

సాయంత్రాలూ సెలవురోజుల్లోనూ ఆఫీసు తెరవండి. కొన్ని హాజరులు ఫోన్లో తీసుకోండి. మొదటినుంచి చివరిదాకా ఒకే ఆఫీసర్‌ని ఉంచండి. ఒకపూట రాకపోతే నోటీసు కొట్టేముందు ఒక్క ఫోన్ చేయండి. ఆ నోటీసైనా చదివితే అర్థమయ్యేలా రాయండి. మావాడికొచ్చినదాన్ని లాయర్‌కి చూపిస్తే గానీ ఏ రోజు రమ్మన్నారో మాకు తెలియలేదు.