వాటర్ కూలింగ్ లీకైతే వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: ఇంటి దగ్గరే ఉండి ఆర్కిటెక్టులకు కంప్యూటర్లో భవనాల త్రీడీ బొమ్మలు (రెండరింగ్) చేసిపెడుతుంటాను. నిరుడు ఒక షాపు వాళ్లు రెండు జియాన్ ప్రాసెసర్లు, కూలెంట్ అనే ద్రవాన్ని గొట్టాల్లో తిప్పి వాటి వేడి తగ్గించే వాటర్ కూలింగ్‌తో డెస్క్‌టాప్ అసెంబుల్ చేసి ఇచ్చారు. బిల్లు రూ.6.40 లక్షలు. ఎనిమిది నెలలకు రెండో ప్రాసెసర్ దగ్గర నీళ్లు కారి మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు పోయాయి. ‘లిక్విడ్ డ్యామేజీకి వారంటీ లేదు, మధ్యలో కూలెంట్ పోసింది మీరే, అయినా బిజినెస్‌కి కొన్నారు కాబట్టి కన్స్యూమర్ కోర్టు వర్తించదు’ అంటున్నారు. కూలెంట్ నిల్వ ఉండే రిజర్వాయర్‌లో మట్టం తగ్గితే వాళ్లిచ్చిన సీసాలోదే కొంచెం పోసిన మాట నిజమే. నాకు దారేమిటి?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కేసు సంగతి తర్వాత, ముందు ఆ మెషీన్ జోలికి వెళ్లకండి. పవర్ బటన్ నొక్కి ఆపితే చాలదు. గోడ స్విచ్ ఆపి ప్లగ్ పీకేయండి. స్విచ్ వేసి ఉన్నంతసేపూ బోర్డుకు 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది, తడి మీద అది తుప్పును ఇంకా పెంచుతుంది. ‘పంపించండి, చూస్తాం’ అని షాపు వాళ్లు అడిగినా ఇప్పుడే ఇవ్వకండి. ఒకసారి విప్పి, తుడిచి, ఫిటింగులు మార్చారంటే మీ కేసులో సాక్ష్యం అక్కడితో సరి.

మీ కేసు నిలబడేది నీళ్లు ఎక్కడి నుంచి కారాయన్న ఒక్క విషయం మీద. లిక్విడ్ డ్యామేజీ షరతు మదర్‌బోర్డు కంపెనీ మీకిచ్చిన వారంటీలోది. మీరు కాఫీ ఒలకబోసుకుంటే ఆ కంపెనీకి పూచీ ఉండకూడదని పెట్టుకున్నది. నీళ్లు పారే గొట్టాలను డబ్బు తీసుకుని బిగించిన షాపు, తన బిగింపు వల్ల కారిన నీళ్లకు అదే షరతును అడ్డం పెట్టుకోవడం కుదరదు. మీ వాదన బోర్డు చెడిపోయిందని కాదు, అసెంబ్లీ లోపభూయిష్టంగా ఉందని, సేవలో లోపం జరిగిందని. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో సెక్షన్ 2(10), 2(11) చెప్పేవి ఈ రెండింటి గురించే. ‘నీటి బ్లాకు (ప్రాసెసర్ మీద బిగించే, లోపల కూలెంట్ పారే దిమ్మ) మేం తయారుచేయలేదు, ఆ కంపెనీని అడగండి’ అన్నా చెల్లదు. ఇతరులు చేసిన భాగాలను కూర్చేవారు కూడా ఉత్పత్తిదారే అని సెక్షన్ 2(36) స్పష్టంగా అంటుంది.

ఇక ‘బిజినెస్‌కి కొన్నారు’ అన్న మాట. దీన్ని తేలిగ్గా తీసుకోకండి, అవతలి లాయరు మొదట పట్టుకునేది దీన్నే. వాణిజ్య ప్రయోజనానికి కొన్నవారు వినియోగదారు కారని సెక్షన్ 2(7) చెబుతుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొనుక్కుని వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదని దాని వివరణే చెబుతుంది. లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉదాహరణ మీకు అతికినట్టు సరిపోతుంది: టైపురైటర్ కొనుక్కుని డబ్బులకు ఇతరుల కాగితాలు తానే టైపు చేసిపెట్టే మనిషి వినియోగదారే. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నా ఆ హోదా పోదని కూడా అదే తీర్పు చెప్పింది. ఫిర్యాదులో ‘స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధికి మాత్రమే’ అన్న మాట తప్పక రాయించండి, ఇతర ఆదాయం లేదనడానికి ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు జత చేయండి. బిల్లు సంస్థ పేరు మీద తీసుకుని జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వాడుకుని ఉంటే మాత్రం గట్టిగా అడ్డు తగులుతుంది. కేసు పోయినట్టని కాదు, జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. మెషీన్ మీద ఐదారుగురు జీతగాళ్లు పనిచేస్తుంటే మాత్రం నేనైతే సివిల్ కోర్టు దారే పట్టమంటాను. అక్కడ వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 మీకు ఆధారం, గడువు మూడేళ్లు. రూ.3 లక్షలు, ఆపైన ఉన్న వాణిజ్య వివాదాల్లో, అత్యవసర ఉత్తర్వులు కోరకపోతే, దావాకు ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి.

కూలెంట్ పోశారన్న ఆరోపణ చూద్దాం. లూప్ (కూలెంట్ తిరిగే గొట్టాల వలయం) కొత్తగా నింపినప్పుడు లోపలి గాలి బుడగలు బయటికి వచ్చేకొద్దీ మట్టం కొంత తగ్గడం మామూలే. నెలలు గడిచినా బాగా తగ్గుతూనే ఉంటే ఎక్కడో కారుతుండవచ్చు. అదే నిజమైతే మీరు పోయడం వల్ల లీకు రాలేదు, లీకు ఉండబట్టే పోయాల్సి వచ్చింది. అప్పట్లో వాట్సాప్‌లో షాపుకు చెప్పారా? ‘ఏం కాదు, కొంచెం పోసుకోండి’ అని వాళ్లు జవాబిచ్చి ఉంటే ఆ ఒక్క మెసేజీతో కేసు సగం గెలిచినట్టే. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జత చేయాలి. గొట్టమో ఫిటింగో మీరే మార్చి ఉంటే కథ వేరు. అలాంటిదేమైనా ఉంటే మీ లాయరుకు ముందే చెప్పేయండి.

నీళ్లు కారిన చోటు ఏం చెబుతుందో చూడండి. గొట్టాన్ని బ్లాకుకు కలిపే జి1/4 సైజు ఫిటింగ్ కింద ఓ-రింగ్ అనే నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. అది గాడిలోంచి బయటికి నలిగి వచ్చినా, ఒక పక్క కోసినట్టు తెగినా తప్పు బిగించిన వారిది. మరను వంకరగా ఎక్కించడమో, చేత్తో బిగించాల్సినదాన్ని స్పానరుతో తిప్పడమో జరిగి ఉంటుంది. ఇలాంటివి మొదటి రోజే కారకపోవచ్చు, వేడికీ చల్లదనానికీ వ్యాకోచించి సంకోచించి నెలల తర్వాత బయటపడవచ్చు. అక్రిలిక్ బ్లాకులో పోర్టు చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉంటే అదీ అతిగా బిగించిన గుర్తు కావచ్చు. కూలెంట్‌ను చల్లార్చే రేడియేటర్ అల్యూమినియంది, బ్లాకులు రాగివి అయి ఉండి, లోపల తెల్లటి పొడి, గుంటలు కనిపిస్తే రెండు లోహాల మధ్య రసాయన తుప్పు పట్టిందన్నమాట. భాగాలు ఎంచుకున్నది షాపే కాబట్టి ఇదీ వాళ్ల లోపమే. రెండు ప్రాసెసర్ల మెషీన్‌లో ఇంకోటి కూడా చూడాలి. గాలి కూలర్లు తీసి నీటి బ్లాకులు పెట్టినప్పుడు వాటి పక్కనున్న ర్యామ్‌కీ, వోల్టేజీ రెగ్యులేటర్లకీ తగిలే గాలి ఆగిపోతుంది. విడిగా ఫ్యాన్ పెట్టకపోతే అవి ఎక్కువ వేడెక్కుతాయి. బోర్డు పోయింది నీళ్ల వల్లా, వేడి వల్లా అన్నది నిపుణుడు విడదీసి రాయాలి. సర్వర్ తరహా బోర్డుల్లో బీఎంసీ అనే చిన్న చిప్ ఉష్ణోగ్రత, వోల్టేజీ హెచ్చరికలను టైముతో సహా నమోదు చేస్తుంది. ఆ ఈవెంట్ లాగ్‌ను క్లియర్ చేయవద్దని, విప్పే ముందే కాపీ తీయాలని నిపుణుడికి చెప్పండి.

విప్పడం మాత్రం మీకూ, షాపుకూ సంబంధం లేని ఒకరి చేతే జరగాలి. తేదీ, సమయం రాసి షాపుకు వారం ముందే స్పీడ్ పోస్టులో తెలపండి. వస్తే సరే, రాకపోతే రాలేదనే రాయించండి. మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయండి. కారిన కూలెంట్‌ను శుభ్రమైన సీసాలో పట్టి సీలు వేయండి, ఓ-రింగునూ ఫిటింగునూ విడివిడి కవర్లలో పెట్టి సంతకాలు చేయించండి. నివేదికతోపాటు నిపుణుడి అఫిడవిట్ కూడా ఉండాలి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ (కన్స్యూమర్ కోర్టు) కూడా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద ల్యాబుకు పంపగలదు, దాని ఫీజు మీరు కట్టాల్సి రావచ్చు.

తర్వాత 15 రోజుల గడువుతో లాయరు నోటీసు. చట్టం ప్రకారం తప్పనిసరి కాదు గానీ అందులో ఒక ప్రశ్న తప్పక వేయించండి: అప్పగించే ముందు లీక్ టెస్ట్ చేశారా, చేస్తే ఏ పద్ధతిలో, ఎంతసేపు? జాగ్రత్తగా పనిచేసేవారు బోర్డుకు కరెంటు ఇవ్వకుండా పంపును మాత్రమే తిప్పి, కొందరైతే 24 గంటలదాకా, చూస్తారు. లేదంటే గాలి పంపుతో సుమారు అర బార్ ఒత్తిడి పెట్టి మీటరు ముల్లు పడిపోతుందేమో గమనిస్తారు. జవాబు ఇవ్వకపోయినా, దాటవేసినా అది మీకే పనికొస్తుంది.

ఫిర్యాదు మీరు ఉండే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, షాపు ఏ ఊళ్లో ఉన్నా సరే. చెల్లించిన ధర రూ.50 లక్షలలోపు కాబట్టి జిల్లా కమిషన్‌కే పరిధి, రూ.5-10 లక్షల మధ్య ధరకు ఫీజు రూ.200. గడువు లీకైన తేదీ నుంచి రెండేళ్లు. ఫిర్యాదుకు షాపు జవాబు 30 రోజుల్లో రావాలి, మహా అయితే ఇంకో 15 రోజులు, అంతకుమించి కమిషన్ కూడా పొడిగించలేదు. యజమాని ఒక్కరే అయితే షాపు పేరుతోపాటు ఆ యజమాని పేరూ రాయండి.

అడిగే మొత్తం విషయంలో ఒక మాట. పోయిన రెండరింగ్ ఆర్డర్ల నష్టాన్ని ‘ఉత్పత్తి బాధ్యత’ (లోపమున్న వస్తువు చేసిన హానికి తయారీదారు, అమ్మకందారు పూచీ) కింద అడగకండి. సెక్షన్ 2(22) ఆర్థిక నష్టాన్నీ, ఉత్పత్తికే జరిగిన నష్టాన్నీ అందులోంచి తప్పించింది. లోపం, సేవాలోపం కింద సెక్షన్ 39 ప్రకారం మరమ్మతు లేదా డబ్బు వాపసు, దానిపై వడ్డీ, నష్టపరిహారం, ఖర్చులు అడగండి. రద్దయిన ఆర్డర్లకు ఈమెయిళ్లు ఉంటేనే అంకె వేయండి.

నోటీసు అందాక చాలామంది షాపువాళ్లు ‘కొత్త బోర్డు ఉచితంగా వేస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి’ అంటూ వస్తారు. కాగితంలో ‘పూర్తి, తుది పరిష్కారం’ అని ఉంటే ఆగండి. తడిసిన ర్యామ్ స్లాట్లలో, గ్రాఫిక్స్ కార్డులో తుప్పు వారాల తర్వాత బయటపడవచ్చు. బోర్డు తీసుకోవాల్సి వస్తే ‘మిగతా హక్కులు వదులుకోకుండా తీసుకుంటున్నాను’ అని మీ చేత్తో రాసి, ఫోటో తీసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టండి.